సంబరంలో వచ్చే పూనకం వంటింట్లో కూడా వస్తుందా?

గుణుపురం కోడలు:
నమస్తే అండి. పుట్టిల్లు బొబ్బిలి దగ్గర, మెట్టినిల్లు గుణుపురం. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. మా అత్తగారికి యాభై ఎనిమిదేళ్లు. ఏటా అమ్మవారి సంబరంలో ఘటం ఎత్తుతారు, పూనకం వస్తుంది. మామూలప్పుడు మామగారి పేరు కూడా పలకని మనిషి, ఆ రాత్రి మాత్రం "ఒరేయ్, ఇలా రా" అని పిలిచి సారాకి తగలేసిన డబ్బుల లెక్క వీధి మధ్యలో అడుగుతారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడతారు. తెల్లారాక "నేనేమన్నానే?" అని నన్ను అడుగుతారు. నేను చెప్పను.

దాంతో నాకు టెన్షన్ లేదు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ఆషాఢంలో ఒక రోజు పులుసుకి చింతపండు పిసుకుతున్నారు. డప్పు లేదు, ఘటం లేదు, ఉపవాసమూ లేదు. ఉన్నట్టుండి చూపు కిటికీ వైపు నిలిచిపోయింది. పెదాలు చప్పరిస్తున్నారు. చెయ్యి మాత్రం గిన్నెలో పిసుకుతూనే ఉంది, రసం అంచు దాటి చీర మీద కారుతున్నా తెలీలేదు. పిలిచాను, భుజం కుదిపాను, పలకలేదు. ఒకటి రెండు నిమిషాలుంటుందేమో. తర్వాత నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, పొయ్యి మీద ఏం పెట్టానని అడిగారు. పొయ్యి మీద ఏమీ లేదు. తర్వాత కూడా ఇలాగే వచ్చింది. మామగారు అమ్మవారే వచ్చిందని కొబ్బరికాయ కొట్టారు. మా ఆయనకి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని ఉంది గానీ, నాన్నకి ఎదురు చెప్పలేరు. ఇది పూనకమేనా?

హేతువు:
పూనకం అన్నదే నాటకం. ఒక బకెట్ నీళ్లు కొట్టండి, దిగుతుంది.

పర్లాకిమిడి డప్పు:
హేతువు గారూ, మీరు ఎప్పుడైనా ఘటం పక్కన నడిచారా? మా తాతల నాటి నుంచి డప్పే మా పని. నాటకమాడేవాళ్లు లేరనను, ఉన్నారు. వాళ్లు పడేటప్పుడు మెత్తటి చోటు చూసుకుని పడతారు, మాకు తెలిసిపోతుంది. మిగతావాళ్ల సంగతి వేరు. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ఉండదు, నెత్తిన దీపంతో ఘటం, చుట్టూ సాంబ్రాణి పొగ, వేలమంది కళ్లు ఆవిడ మీదే. మేం ఒకే దరువు చాలాసేపు నడిపి, గుడి మలుపు దగ్గరకొచ్చేసరికి జోరు పెంచుతాం. మొదట మడమలు కదుల్తాయి, తర్వాత ఊపిరి మారుతుంది, బుస కొట్టినట్టు. అప్పుడు అనుకుంటాం, వచ్చేసిందని. దింపడం కూడా మా చేతిలోనే ఉంటుంది. దరువు టక్కున ఆపితే మనిషి విరుచుకు పడుతుంది, అందుకే మెల్లగా తగ్గిస్తాం. ఈలోగా ఆడవాళ్లు వేపాకు, పసుపునీళ్లతో ముఖం తుడిచి, హారతిచ్చి కూర్చోబెడతారు.

అమ్మా కోడలా, మీ అత్తగారికి డప్పు లేకుండా వచ్చిందంటే అది మా లెక్కలోది కాదు. అంతవరకే చెప్పగలను.

వార్డు డ్యూటీ:
బరంపురంలో నర్సుగా చేస్తున్నాను, మెదడు, నరాల వార్డులో చాలాకాలం పనిచేశాను. కోడలు గారూ, మీరు రాసింది చదివితే రెండు వేర్వేరు సంగతులు కనిపిస్తున్నాయి. ఇంట్లో రెండింటికీ ఒకే పేరు పెట్టుకున్నారు.

సంబరంలోది పెద్దగా జబ్బు లెక్కలోకి రాదు. డప్పు గారు చెప్పిన ఆ బుస సంగతి చూడండి. గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గుతుంది, మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంగర్లు పోవడం, తల తేలిపోవడం దాంతోనే. దానికి ఉపవాసం, ఎండ, నమ్మకం తోడవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్త కూర్పు 2022 నుంచి అమల్లో ఉంది. అందులో పూనకానికి సంబంధించిన రుగ్మత ఉంది గానీ, ఆచారంలో భాగంగా, ఆ సమాజం ఒప్పుకున్న పద్ధతిలో వచ్చేదాన్ని అందులో చేర్చకూడదని స్పష్టంగా రాశారు. వద్దన్నా రావడం, బతుకు పాడుచెయ్యడం ఉంటేనే రుగ్మత. మామగారిని లెక్క అడగడం బతుకు పాడుచెయ్యడం కిందకి రాదని నా సొంత అభిప్రాయం.

వంటింట్లోది మాత్రం ఫిట్స్ లాగా ఉంది. ఫిట్స్ అంటే కింద పడి కొట్టుకోవడమే అనుకుంటారు అందరూ. మెదడులో ఒక భాగంలోనే, ముఖ్యంగా కణత వైపు, విద్యుత్తు అదుపు తప్పితే మనిషి పడిపోరు. చూపు నిలబడిపోతుంది, పెదాలు చప్పరిస్తారు, చెయ్యి చేస్తున్న పనినే చేస్తూపోతుంది, తర్వాత కాసేపు అయోమయం. మీరు రాసిందంతా అదే. ఈ వయసులో కొత్తగా మొదలైతే కారణం వెతకాల్సిందే. పాత చిన్న పక్షవాతం మచ్చ కావచ్చు, గడ్డ కావచ్చు, మన దగ్గర బద్దె పురుగు (టేప్‌వార్మ్) గుడ్ల వల్ల మెదడులో వచ్చే తిత్తులు కావచ్చు. షుగరు పడిపోయినా ఇలాగే ఉండొచ్చు, అదీ చూపించండి.

ఈసారి వస్తే ఫోన్లో వీడియో తీయండి. ఈఈజీ (మెదడులో విద్యుత్తుని చూసే పరీక్ష) చేసే టైముకి మెదడు మామూలుగా ఉంటే కాగితం మీద ఏమీ కనపడకపోవచ్చు, అందుకని డాక్టరుకి మీ వీడియో చాలా పనికొస్తుంది. ఎంఆర్ఐ కూడా రాస్తారు. అంతవరకు పొయ్యి దగ్గర, నూతి గట్టున, వంశధార రేవులో ఒంటరిగా వదలొద్దు. వచ్చినప్పుడు తాళాలు చేతిలో పెట్టొద్దు, నోట్లో ఏమీ దూర్చొద్దు, బలవంతంగా పట్టుకోవద్దు. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి. హేతువు గారి బకెట్ దేనికీ పనికిరాదు.

ఒకటి అడుగుతాను: రాబోయే ముందు ఆవిడకి ఏమైనా తెలుస్తుందా? వాసన గానీ, పొట్టలో గానీ?

పాత మాస్టారు:
పుట్టాసింగి కొండల్లో పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. అక్కడ సవర గిరిజనుల్లో పూనకంతో చచ్చిపోయినవాళ్లని పలికించేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. కాళ్లు బారచాపి కూర్చుని పాట పాడుకుంటూ పోతారు, కాసేపటికి తల వాలుతుంది, కాళ్లూ చేతులూ కర్రల్లా బిగుస్తాయి. పక్కనున్నవాళ్లు వాటిని పట్టి వంచుతారు. అప్పుడు చచ్చిపోయినవాళ్లు ఆవిడ నోట మాట్లాడతారు. బంధువులు ఏడుస్తారు, వాదిస్తారు, అప్పుల గురించి తగువు కూడా పడతారు. పని అయ్యాక లేచి కూర్చుంటుంది. ఇప్పుడు కుర్రాళ్లలో చాలామంది క్రైస్తవంలోకి వెళ్లారు, అది తగ్గింది.

ఇది మన కొండలకే పరిమితం అనుకోకండి. ఎరికా బోర్గిన్యాన్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 488 సమాజాల వివరాలు పరిశీలించి, నూటికి తొంభైలో ఇలాంటి స్థితులకి ఏదో ఒక కట్టుబాటు ఉన్నట్టు తేల్చింది. కట్టుబాటు అంటే దానికో వేళ, ఒక చోటు, దింపే మనిషి అన్నమాట. చింతపండు గిన్నె దగ్గర ఆ మూడూ లేవు. మీ మామగారితో ఇలాగే చెప్పి చూడండి, అమ్మవారిని కాదనకుండా.

గుణుపురం కోడలు:
నర్సమ్మ గారూ, అడిగాను. ముందు కాలిన వెంట్రుకల వాసన వస్తుందట, పొట్టలోంచి ఏదో గొంతు దాకా ఎగదన్నినట్టు ఉంటుందట. సంబరంలో అలా ఎప్పుడూ రాలేదన్నారు. మాస్టారి మాట మామగారికి చదివి వినిపించాను. కాసేపు మీసం సవరించుకుని "పిలవని పేరంటానికి అమ్మ ఎందుకొస్తుంది" అన్నారు. సోమవారం బరంపురం వెళ్తున్నాం. అత్తగారిది మాత్రం ఒకటే షరతు: పరీక్షలన్నీ చేయించుకుంటారట గానీ, ఘటం ఎత్తొద్దని ఏ డాక్టరైనా అంటే అక్కడే లేచి వచ్చేస్తారట.

వార్డు డ్యూటీ:
ఆ వాసన సంగతి డాక్టరుకి మొదటే చెప్పండి, అది చాలా ముఖ్యం. ఫిట్స్ అని తేలినా భయపడొద్దు, సరైన మందుతో నూటికి డెబ్బై మందికి అదుపులోకి వస్తాయి. ఘటం గురించి మీరే ముందుగా అడిగేయండి, దాచి ఎత్తడం కంటే చెప్పి ఎత్తడం మేలు. ఫిట్స్‌ని రెచ్చగొట్టేది ముఖ్యంగా నిద్ర లేకపోవడం, మాత్ర మానెయ్యడం. కటిక ఉపవాసం ఎంతవరకు తట్టుకుంటారో కూడా డాక్టరునే అడగండి. ఉపవాసమని మాత్ర మాత్రం మానకూడదు. నెత్తిన దీపం ఉంటుంది కాబట్టి పక్కన మీరు గానీ మీ ఆయన గానీ నడవండి.

పర్లాకిమిడి డప్పు:
మీ ఊరి మేళం వాళ్లకి ఫోన్ చేసి చెప్తాను. ఈసారి గుడి మలుపు దగ్గర మరీ జోరు పెంచొద్దని.