‘సేవ్డ్!’ వెక్కిరించింది విశ్వాసాన్నా, విశ్వాసుల్నా?

ఒలీవకొమ్మ:

అందరికీ వందనాలు. “రక్షింపబడ్డావా?” అని మనం ఒకరినొకరం అడుగుతామే, ఆ మాటే ఈ సినిమా పేరు. 2004లో వచ్చిన అమెరికన్ హైస్కూల్ కామెడీ. మా అమ్మాయికి పదహారేళ్లు. ఇక్కడ టెక్సాస్‌లో మా తెలుగు సంఘం యూత్ గ్రూపుకి వెళ్తుంది. పోయిన వారం స్నేహితురాలి ఇంట్లో ఈ సినిమా చూసొచ్చి, గ్రూపులో దీని గురించి మాట్లాడుకుందామని అడిగింది. పెద్దలిద్దరు వెంటనే వద్దన్నారు. దేవదూషణ అన్నారు. వాళ్లు సినిమా చూశారా అంటే చూడలేదు. ఆ రాత్రి నేనూ మా ఆవిడా కూర్చుని మొత్తం చూశాం.

చూడనివాళ్ల కోసం కథ చెప్తాను. అమెరికన్ ఈగిల్ క్రిస్టియన్ హైస్కూల్లో మేరీ చదువు ఆఖరి సంవత్సరానికి వచ్చింది. గట్టి నమ్మకం ఉన్న పిల్ల. ఈతకొలనులో నీళ్ల అడుగున ఆమె బాయ్‌ఫ్రెండ్ డీన్ తాను గే అని చెప్తాడు. ఆ కంగారులో మేరీ తలకి దెబ్బ తగులుతుంది. కాపాడటానికి దిగినవాడు ఆమె కళ్లకి యేసుప్రభువులా కనిపిస్తాడు. డీన్‌ని మార్చమని ప్రభువే చెప్పాడనుకుంటుంది. తనను తాను ఇచ్చేస్తే అతను మారతాడని, పోయిన కన్యత్వం దేవుడు తిరిగి ఇస్తాడని నమ్ముతుంది. డీన్ మారడు. కన్నవాళ్లు అతన్ని, ఇలాంటి పిల్లల్ని ‘మార్చే’ ‘మెర్సీ హౌస్’ అనే చోటికి పంపేస్తారు. మేరీకి నెల తప్పుతుంది. అప్పుడు ఆమె పక్కన నిలబడేది ముగ్గురు: బడి మొత్తానికి ఒకే ఒక్క యూదు అమ్మాయి కసాండ్రా, చక్రాల కుర్చీలో ఉండే రోలండ్, పాస్టరుగారబ్బాయి ప్యాట్రిక్. వెంటపడి వేధించేది మాత్రం నిన్నటిదాకా ప్రాణస్నేహితురాలైన హిలరీ ఫే. రోలండ్ ఆమె తోడబుట్టినవాడే.

నన్ను పట్టుకున్న సీన్ ఒకటుంది. హిలరీ ఫే, ఇంకో ఇద్దరు కలిసి మేరీని వ్యాన్‌లోకి లాగి దయ్యం వదిలించబోతారు. మేరీ విదిలించుకుని వెళ్లిపోతుంటే, “నాలో క్రీస్తు ప్రేమ నిండి ఉంది” అని అరుస్తూ హిలరీ ఫే చేతిలో ఉన్న బైబిల్‌ని ఆమె వీపు మీదికి విసిరికొడుతుంది. మేరీ వంగి దాన్ని తీసి, ఇది ఆయుధం కాదు అంటుంది. మా ఆవిడ అక్కడ ఆపమంది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. యోహాను సువార్త 8వ అధ్యాయంలో వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీని రాళ్లతో కొట్టడానికి తీసుకొచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు కదా. ఇక్కడ రాయి బదులు, ఆ అధ్యాయం ఉన్న గ్రంథాన్నే విసిరారు. ఇది చూపించినందుకు సినిమాని దేవదూషణ అనలేను. పిల్లలు చూడాలనే అంటాను. మీరేమంటారు?

బేతనియ ఇల్లు:

వందనాలు బ్రదర్. నేను సినిమా చూశాను కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను. పద్నాలుగేళ్లుగా సండే స్కూల్ చెప్తున్నాను.

మీరు చెప్పిన సీన్ మంచిదే, కాదనను. నా బాధ వేరు. మా అమ్మ రోజూ తెల్లవారుజామున లేచి, మా వీధిలో వాళ్లందరి పేర్లూ చెప్పి ప్రార్థన చేసేది. అందులో మమ్మల్ని తిట్టినవాళ్ల పేర్లు కూడా ఉండేవి. గర్భవతై ఇంట్లోంచి గెంటేయబడిన అమ్మాయిని మా అమ్మ రెండు నెలలు మా వంటింటి పక్క గదిలో ఉంచుకుంది. ఒక్క వాక్యం బోధించలేదు, అన్నం పెట్టింది. అలాంటి మనిషి ఈ సినిమాలో ఎక్కడుంది? భక్తి గట్టిగా ఉన్నవాళ్లందరూ దొంగలు, లేదా పిచ్చివాళ్లు. బడి నడిపే పాస్టర్ స్కిప్, ప్యాట్రిక్ తండ్రి, పిల్లలకి నీతి చెప్తూ మేరీ తల్లితో రహస్యంగా తిరుగుతుంటాడు. తెలివి, దయ ఉన్నవాళ్లందరూ నమ్మకాన్ని కొంచెం వదులు చేసుకున్నవాళ్లే. కళ్లు తెరిచి చూసే మనిషి కావాలంటే బయట మతం నుంచి కసాండ్రాని తెచ్చుకోవాల్సి వచ్చింది. పదహారేళ్ల పిల్ల దీన్నుంచి ఏం నేర్చుకుంటుంది? గట్టిగా నమ్మితే చెడ్డదాన్నవుతాను అని.

ఇంకో మాట. ఇదే సినిమా వేరే మతం మీద తీసుంటే ఇంత హాయిగా చర్చిస్తామా?

పాత రీలు:

చివరి ప్రశ్నకి నా జవాబు. బయటివాడు వచ్చి ఎగతాళి చేయడం వేరు, ఇంట్లోవాడు అడగడం వేరు. దర్శకుడు బ్రయన్ డానెలీ చిన్నప్పుడు కాథలిక్ బడిలో, తర్వాత బాప్టిస్టు హైస్కూల్లో చదువుకున్నాడు. ఆ గోడల మధ్య పెరిగినవాడే రాసుకున్నాడు, మైకేల్ అర్బన్‌తో కలిసి. చిత్తశుద్ధి లేని పూజలెందుకని మన వేమన అడిగాడు. ఆయన్ని బయటివాడని ఎవరూ అనలేదు కదా.

సినిమా వివరాలు కూడా చెప్తాను, ఎందుకంటే కొందరు దీన్ని పెద్ద స్టూడియో పన్నిన దాడి అనుకుంటారు. ఇది చిన్న బడ్జెట్ సినిమా. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తీశారు. ఆర్‌ఈఎమ్ బ్యాండ్ గాయకుడు మైకేల్ స్టైప్ నిర్మాతల్లో ఒకరు. 2004 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో చూపించారు, మే నెలాఖరులో థియేటర్లకి వచ్చింది. మేరీగా జెనా మలోన్, హిలరీ ఫేగా మాండీ మూర్. మాండీ మూర్ ఆ పాత్రని ఒక్క క్షణం కూడా కార్టూన్‌లా చేయలేదు. తను చేసేది నిజంగా ప్రేమే అనుకునే అమ్మాయిలా చేసింది. అందుకే భయమేస్తుంది.

హాస్టల్ పిల్ల:

బేతనియ ఇల్లు అన్నయ్యా, మీ అమ్మగారి గురించి చదివి కళ్లు చెమ్మగిల్లాయి. అలాంటి ఆంటీలు నాకూ తెలుసు. కానీ నేను ఇంకోటి కూడా చూశాను, చెప్పనివ్వండి.

నేను కోస్తాలో ఒక క్రైస్తవ బాలికల హాస్టల్లో ఐదేళ్లు ఉన్నాను. పేరు చెప్పను. ప్రతి శుక్రవారం రాత్రి ‘ప్రార్థన మనవులు’ ఉండేవి. అందరం చాపల మీద గుండ్రంగా కూర్చునేవాళ్లం. ఒకరోజు నా గది అమ్మాయి ట్రంకుపెట్టెలో ఒక అబ్బాయి రాసిన ఉత్తరం దొరికింది. వార్డెన్ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. శుక్రవారం నాడు అందరి ముందూ పేరు పెట్టి, “ఈ చెల్లి శోధనలో ఉంది, కన్నీటితో ప్రార్థించండి” అంది. నలభై మంది అమ్మాయిలు కళ్లు మూసుకుని, గొంతెత్తి, ఆ పిల్ల పాపం గురించి దేవుడికి వివరంగా చెప్పారు. నేనూ చెప్పాను. మధ్యలో కళ్లు తెరిచి చూస్తే ఆమె తల వంచుకుని చాప పుల్ల ఒకటి పీకుతూ ఉంది. పీకుతూనే ఉంది. వేసవి సెలవులకి ఇంటికెళ్లి మళ్లీ రాలేదు.

ఈ సినిమాలో డీన్ సంగతి బయటపడ్డాక బడిలో అతని కోసం ప్రార్థన పెడతారు. హిలరీ ఫేదే నాయకత్వం. నాకు వెంటనే ఆ చాప గుర్తొచ్చింది. అమెరికాలో ఎక్కడో జరిగే కథ అని చూడటం మొదలుపెట్టాను, అక్కడికి వచ్చేసరికి ఊపిరాడలేదు. ప్రార్థన మాటలన్నీ సరిగ్గానే ఉంటాయి అన్నయ్యా. అందుకే ఎదురు మాట్లాడటానికి దారి ఉండదు. మీకు అతిగా చూపించినట్టు అనిపించింది, నాకు మాత్రం తగ్గించి చూపించినట్టే ఉంది.

ఇప్పటికీ నేను చర్చికి వెళ్తాను. నమ్మకం పోలేదు. గుండ్రంగా కూర్చోవడం మాత్రం నావల్ల కాదు.

రెండు పడవలు:

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. హిలరీ ఫే ఎందుకలా అయిందో కూడా సినిమా కొంచెం చూపిస్తుంది. ఒకప్పుడు లావుగా ఉన్న తన ఫోటో అందరికీ కనిపించిన రాత్రి ఆ పిల్ల కుప్పకూలిపోతుంది. కానీ అది ఆమెకు శిక్షలా వాడుకున్నారు, అది నాకు నచ్చలేదు. ఆమెకి కూడా ఎవరో ఒకరు వంటింటి పక్క గది ఇవ్వాల్సింది.

మేరీలాండ్ వాసి:

సినిమాలో అతి ఉందంటున్నవాళ్లకి మా రాష్ట్రంలో జరిగింది చెప్తాను. 2017లో మేరీలాండ్‌లోని ఒక చిన్న క్రైస్తవ హైస్కూల్లో చివరి ఏడాది చదువుతున్న అమ్మాయి గర్భవతి అయింది. మంచి మార్కుల పిల్ల, విద్యార్థి సంఘం అధ్యక్షురాలు. తనే బడి ముందు నిలబడి తప్పు ఒప్పుకుంది. బడి డిప్లొమా ఇస్తామంది కానీ పట్టాలిచ్చే రోజు తోటివాళ్లతో కలిసి వేదిక మీద నడవనివ్వలేదు. అమెరికా అంతా వార్త అయింది. అప్పుడు ఆ అమ్మాయి తరఫున గట్టిగా నిలబడిందెవరో తెలుసా? గర్భస్రావాన్ని వ్యతిరేకించే విద్యార్థి సంస్థ. బిడ్డను ఉంచుకున్న పిల్లని ఇలా సిగ్గుపరిస్తే, తర్వాతి అమ్మాయి ఎవరికీ చెప్పకుండా క్లినిక్‌కి వెళ్తుందని వాళ్లు వాదించారు. వాళ్లేమీ నమ్మకం వదులు చేసుకున్నవాళ్లు కాదు.

సినిమా వచ్చిన కాలం కూడా గుర్తుంచుకోవాలి. 1993లో దక్షిణ బాప్టిస్టులు అనే అమెరికన్ ప్రొటెస్టంట్ శాఖవాళ్లు పెళ్లిదాకా పవిత్రంగా ఉంటామని పిల్లలతో కార్డుల మీద సంతకాలు పెట్టించడం మొదలుపెట్టారు. 1996 చట్టంతో పెళ్లిదాకా ఆగడం ఒక్కటే నేర్పే కార్యక్రమాలకి ఫెడరల్ ప్రభుత్వం ఏటా 5 కోట్ల డాలర్లు కేటాయించింది. పవిత్రత అనేది చేతిలోంచి జారిపోయే వస్తువులా నేర్పితే, మేరీలాంటి పిల్ల దాన్ని ఇచ్చి మళ్లీ తెచ్చుకోవచ్చనుకోవడంలో వింతేముంది? ఇక మెర్సీ హౌస్. గే పిల్లల్ని ‘మార్చే’ పనిలో అన్నింటికన్నా పెద్ద పేరున్న ఎక్సోడస్ ఇంటర్నేషనల్ 2013లో మూతపడింది. దాని అధ్యక్షుడు అలన్ చేంబర్స్ స్వయంగా క్షమాపణ చెప్పాడు. ఆ ఇల్లు అక్కడికి వెళ్లేవాళ్ల కోసం కాదు, పంపేవాళ్ల కోసం అని సినిమాలో ఒక మాట వస్తుంది. తొమ్మిదేళ్ల ముందే అన్నారు.

బేతనియ ఇల్లు:

హాస్టల్ పిల్ల చెల్లెమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. మా సండే స్కూల్లో కూడా ప్రార్థన మనవులు అడుగుతాం. పేర్లతోనే అడుగుతాం. ఇది రాస్తుంటే ఇద్దరు పిల్లలు గుర్తొస్తున్నారు. వాళ్ల పేర్లు నేనే పైకి చెప్పాను. ఆ తర్వాత ఒకడు రావడం మానేశాడు. ఉద్యోగాల వల్ల వాళ్లు ఊరు మారారనుకున్నాను. నిజంగా అదేనేమో, తెలీదు. ఇకమీదట ఎవరి పేరైనా వాళ్లనడగకుండా చెప్పను.

అయినా ముగింపు మీద నా అభ్యంతరం అలాగే ఉంది. దేవుడు అందర్నీ వేరువేరుగా చేసింది ఒకేలా ఉండమని కాదు కదా అని మేరీ అంటుంది. మంచి మాటే. కానీ పాపం, పశ్చాత్తాపం, మారుమనస్సు అనేవి ఆ మాటలో కరిగిపోతాయి. ప్రేమించడం, తప్పుని తప్పనడం రెండూ ఒకే మనిషి చేయగలడు. మా అమ్మ చేసింది. సినిమా ఆ దారి వైపు చూడలేదు.

హాస్టల్ పిల్ల:

ప్యాట్రిక్ ఉన్నాడుగా అన్నయ్యా. నమ్మకం వదల్లేదు, మేరీ కడుపుతో ఉందని తెలిసీ వదల్లేదు. మేరీ తల్లి కూడా. పాస్టరు మాట విని కూతుర్ని కూడా మెర్సీ హౌస్‌కి పంపబోయి, ఆగింది. మీ అమ్మగారంత కాకపోయినా, ఆ దారిలో నాలుగడుగులు వేశారు.

పాత రీలు:

పాస్టర్ స్కిప్‌ని కూడా పూర్తిగా వదిలేయలేదు. ఆసుపత్రిలో మేరీ చుట్టూ అందరూ ఉంటారు. ఆయన పూలు పట్టుకుని బయటే నిలబడి, లోపలికి వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తుంటాడు. ఆయన వెళ్లాడో లేదో మనకి చెప్పరు.

ఒలీవకొమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. మా పెద్దల్లో ఒకరికి ఈ చర్చ చదివి వినిపించాను. ముందు తను సినిమా చూస్తానన్నారు. బేతనియ ఇల్లు బ్రదర్, మీరు ఉండేది కూడా ఇటువైపే అని పాత పోస్టుల్లో చదివాను. మా గ్రూపు పిల్లలతో ఒక సాయంత్రం కూర్చుంటారా? వ్యతిరేకించే మనిషి కూడా ఎదురుగా ఉండాలని మా అమ్మాయి కోరిక.

బేతనియ ఇల్లు:

వస్తాను బ్రదర్. వ్యాన్ సీన్ దగ్గర ఆపి, యోహాను 8 పిల్లలతోనే చదివిద్దాం, 11వ వచనం దాకా. “ఇక పాపము చేయకుము” అన్న మాట కూడా అందులోనే ఉంది, దాన్ని వదిలేయనివ్వను. కుర్చీలు మాత్రం గుండ్రంగా వేయొద్దని చెప్పండి.