లూపర్ మా మామయ్య డ్రమ్స్‌తో కలిసి నడవాలంటే?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
గిటారుతో నాలుగు బార్లు (బారుకు నాలుగు దెబ్బలు) లూపర్‌లో రికార్డు చేసి, ఆ పెడల్ దాన్ని తిప్పితిప్పి వాయిస్తుంటే దానిమీద పాడతాను. మొన్న ఒక పెళ్లిలో మూడో చుట్టుకే లూపు వెనకబడిపోయింది. డ్రమ్స్ వాయించే మామయ్య లయ తప్పే మనిషి కాదు. పాట ఊపందుకుంటే కాస్త వేగం పెంచుతాడు, పాటకు ప్రాణం అదే. దాన్ని చంపకుండా ఏం చేయాలి?

జవాబు (బరంపురం నుంచి):
తమ్ముడూ, లెక్క చూడు. నిమిషానికి 96 దెబ్బల వేగంలో నాలుగు బార్లంటే సరిగ్గా 10 సెకన్లు. ఆయన 97కు వెళితే 9.9 సెకన్లే. మూడు చుట్లకు తేడా అర దెబ్బ! లూపర్‌కు చెవులు లేవు, ఆయనే దాన్ని వినాలి. ఇయర్‌ఫోనులో క్లిక్ (లయ చూపే టిక్ టిక్), లూపు రెండూ ఇవ్వు.

జవాబు (రాయగడ నుంచి):
క్లిక్ వద్దనుకుంటే, ప్రతి రెండో చుట్టుకూ మొదటి దెబ్బమీద పెడల్ నొక్కి లూపును మళ్లీ మొదలుపెట్టు. మీ లూపర్ మిడి క్లాక్ (వాద్య పరికరాల మధ్య వేగం తెలిపే సంకేతం) అందుకుని లూపు నిడివి మార్చగలిగితే, ఆయన పక్కన ట్యాప్ పెడల్ (కాలితో నొక్కి వేగం చెప్పేది) పెట్టండి. దెబ్బకు 24 సంకేతాలు వెళతాయి, లూపే ఆయన వెంట నడుస్తుంది.

పర్లాకిమిడి నుంచి:
అన్నా, ఆ అర దెబ్బే నా చెవిలో ఇంకా గుచ్చుకుంటోంది. రాత్రికే మామయ్యకు ఇయర్‌ఫోను పెట్టి చూస్తాను.