ఫిబ్రవరిలో పెద్దవాళ్లతో వెల్స్‌లో కొన్నాళ్లు ఉండవచ్చునా?

ప్రశ్న

మా అమ్మానాన్నలు ఈ చలికాలం లండన్‌లో మా దగ్గరే ఉంటున్నారు. ఫిబ్రవరిలో వారిని తీసుకుని సోమర్‌సెట్‌లోని వెల్స్‌లో మూడు నాలుగు రోజులు హడావుడి లేకుండా గడపాలని అనుకుంటున్నాము. నాన్నగారికి పాత కట్టడాలంటే ప్రాణం, కానీ మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లు ఎక్కలేరు. సుమారు 11,000 మంది ఉండే ఊళ్లో అన్ని రోజులు ఏం చేస్తారు, యార్క్‌కో బాత్‌కో వెళ్లండి అని తెలిసినవారు అంటున్నారు. పైగా అక్కడికి రైలు కూడా లేదు. ఆ కాలంలో అక్కడ ఉండి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1

నిస్సందేహంగా వెళ్లండి. వెల్స్‌కు రైళ్లు 1960లలోనే ఆగిపోయాయి కాబట్టి బ్రిస్టల్ వరకు గానీ బాత్ వరకు గానీ రైలులో వెళ్లి, అక్కడ బస్సు ఎక్కాలి. గంటకు పైగా పడుతుంది. ఊరు చేరాక వాహనంతో పని ఉండదు. కెథీడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి), బిషప్ ప్యాలెస్, బుధ, శనివారాలలో సంత జరిగే మార్కెట్ ప్లేస్, అన్నీ పక్కపక్కనే ఉంటాయి. హై స్ట్రీట్‌లో నడిచేటప్పుడు రోడ్డు అంచున పారే నీటిని అమ్మగారికి చూపించండి. బిషప్ బెకింగ్‌టన్ 1451లో ప్యాలెస్ ఊటల నీటిని ఊరికి ఇచ్చినప్పటి నుంచి ఆ ఏర్పాటు కొనసాగుతోంది.

జవాబు 2

నాన్నగారికి కట్టడాల మీద అంత ప్రేమ ఉంటే కెథీడ్రల్‌కు ఒక్క పూట చాలదు, రోజూ కాసేపు వెళ్లి రండి. లోపల అడుగుపెట్టగానే ఎదురుగా, నిలువు కమాను మీద తలకిందులుగా మరో కమాను నిలిపినట్టు ఒక నిర్మాణం కనిపిస్తుంది. మధ్య గోపురాన్ని ఎత్తు పెంచిన తరువాత ఆ బరువుకు పునాది కుంగి పగుళ్లు రావడంతో, విలియం జాయ్ అనే మేస్త్రీ 1338 నుంచి పదేళ్ల పాటు మూడు వైపులా ఈ కమానులు కట్టించి గోపురాన్ని నిలబెట్టాడు. కూలకుండా ఆపడానికి పెట్టిన ఆసరా ఇంత అందంగా ఉండటం నేను మరెక్కడా చూడలేదు.

ఉత్తరం వైపున సుమారు 1390 నాటి గడియారం ఉంది. 24 గంటల ముఖం మీద సూర్యుడు తిరుగుతుంటాడు, భూమి మధ్యలో కదలకుండా ఉంటుంది. ఆనాటి వారి విశ్వం అదే కదా. పావుగంటకు ఒకసారి పైన గుర్రపు వీరులు బయలుదేరి తలపడతారు, ప్రతిసారీ పడిపోయేది ఒకే వీరుడు. వేసవిలో అక్కడ గుంపు చేరుతుంది, ఫిబ్రవరిలో నాన్నగారు ఎదురుగా కుర్చీ వేసుకున్నంత హాయిగా చూడవచ్చు. చాప్టర్ హౌస్‌కు, అంటే మతాధికారులు సమావేశమయ్యే మందిరానికి, వెళ్లే మెట్లు మాత్రం ఆయన ఎక్కలేరు, కానీ శతాబ్దాల అడుగులకు అరిగి అలలుగా మారిన ఆ రాతి మెట్లను కింద నిలబడి చూసినా తృప్తిగానే ఉంటుంది.

సాయంత్రం ఐదు దాటాక జరిగే ఈవెన్‌సాంగ్‌కు, అంటే గాయక బృందం పాడే సాయంకాల ప్రార్థనకు, తప్పక వెళ్లండి. ఏ మతం వారైనా కూర్చోవచ్చు, రుసుము ఉండదు. అప్పటికి బయట చీకటి పడుతూ ఉంటుంది, సందర్శకులు వెళ్లిపోయి ఉంటారు, గాయకుల స్వరం ఆ పైకప్పు వరకు వెళ్లి నెమ్మదిగా తగ్గడం వినిపిస్తుంది. నేనైతే దీని కోసమే చలికాలం ఎంచుకోమని చెబుతాను.

జవాబు 3

పైవారితో ఏకీభవిస్తున్నాను. పక్కనే ఉన్న వికార్స్ క్లోజ్ అనే వీధిని కూడా చూడండి. కెథీడ్రల్ గాయకుల నివాసం కోసం 14వ శతాబ్దంలో కట్టిన ఇళ్లవి, నేటికీ అందులో గాయకులు ఉంటున్నారు. పైకి పోయేకొద్దీ వీధి సన్నబడటం వల్ల కింది నుంచి చూస్తే ఉన్నదానికంటే పొడవుగా అనిపిస్తుంది. అయితే నేల రాళ్లతో ఎగుడుదిగుడుగా ఉంటుంది, వాన పడితే జారుతుంది కాబట్టి నాన్నగారి చేయి పట్టుకుని నడిపించండి. ప్యాలెస్ చుట్టూ ఉన్న కందకం పక్కన నడవడం ఆయనకు తేలిక. గ్లాస్టన్‌బరీ దగ్గరే గానీ, అక్కడి కొండ చలికాలంలో బురదగా ఉంటుంది, వదిలేయండి.

జవాబు 4

తేదీలు ఖరారు చేసుకునే ముందు ఒక విషయం గమనించండి. ఫిబ్రవరి మధ్యలో ఇంగ్లండ్ బడులకు వారం రోజుల సెలవులు ఉంటాయి. కెథీడ్రల్ గాయక బృందంలో బడి పిల్లలు ఉంటారు కాబట్టి ఆ వారం వారు పాడకపోవచ్చు. నెల మొదటి వారంలో గానీ చివరి వారంలో గానీ వెళ్లేలా చూసుకుని, బస మాట్లాడుకునే ముందే కెథీడ్రల్ వెబ్‌సైట్‌లో ఆ వారపు ప్రార్థనల పట్టికను చూడండి.