హైదరాబాద్ – శాన్ ఫ్రాన్సిస్కో: దూరం 13,540 కి.మీ. అయితే 15 గంటల్లో ఎందుకు చేరం?

పాలమూరు_ప్రయాణి:
దూరం 13,540 కి.మీ. అని ఆన్‌లైన్‌లో వస్తోంది. గంటకు 900 కి.మీ. చొప్పున 15 గంటలు కావాలి. టికెట్లలో మాత్రం 20 గంటలు దాటే చూపిస్తున్నారు. ఈ దూరం నిజమేనా? అమ్మానాన్నలకు టికెట్ తీయాలి. ఏ ఊరి మీదుగా వెళ్తే దగ్గర?

అక్షాంశం17:
దూరం నిజమేనండి, కానీ అది భూగోళం మీద దారం లాగి పట్టినట్టుగా కొలిచిన దూరం. మీరే ఎక్సెల్‌లో సరిచూసుకోవచ్చు. హైదరాబాద్ అక్షాంశం 17.24, రేఖాంశం 78.43. శాన్ ఫ్రాన్సిస్కో 37.62, మైనస్ 122.38. ముందు నాలుగింటినీ రేడియన్లలోకి మార్చండి. అక్షాంశాల సైన్‌ల లబ్ధానికి, అక్షాంశాల కాస్‌లను రేఖాంశాల తేడా కాస్‌తో గుణించి కలపండి. వచ్చినదానికి ఆర్క్ కాస్ తీసి 6371తో (భూమి వ్యాసార్ధం) గుణిస్తే కిలోమీటర్లు. పశ్చిమ రేఖాంశానికి మైనస్ మరిచిపోతే 4,800 చిల్లర వస్తుంది. చాలామంది తప్పేది అక్కడే.

ఇక దారులు. ఢిల్లీ మీదుగా 1,270 + 12,380, అంటే దాదాపు 13,650. నేరు దూరం కన్నా సుమారు 110 కి.మీ. మాత్రమే ఎక్కువ. దుబాయ్ మీదుగా దాదాపు 15,580, సింగపూర్ మీదుగా 16,900. మ్యాప్‌లో పడమటికి పోతున్నట్టు కనిపించే దుబాయ్ – శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి దారి నిజానికి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా దాదాపు 178 డిగ్రీలు మరి.

గాలివాటం:
కిలోమీటర్లు తక్కువైతే సమయం తక్కువ అనుకోకండి. పైన పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ చలికాలంలో మరీ బలంగా ఉంటుంది. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ – శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని పసిఫిక్ మీదుగా తూర్పుకి తిప్పింది. 15,300 కి.మీ.ని దాదాపు పద్నాలుగున్నర గంటల్లో దాటింది. అంటే నేల మీద లెక్కకి గంటకు 1,050 పైనే! దూరం పెరిగినా సమయం తగ్గింది.

గగనతలం సంగతి కూడా చూడాలి. 2022 నుంచి అమెరికా సంస్థలు, చాలా యూరప్ సంస్థలు రష్యా మీదుగా ఎగరలేవు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ సంస్థలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం యూరప్‌లో దిగాయి. అందుకే బుక్ చేసేముందు ఆ విమానం గత వారం ఎన్ని గంటలు ఎగిరిందో ఫ్లైట్ ట్రాకింగ్ సైట్‌లో చూడండి. టికెట్ మీది సమయం గేటు నుంచి గేటు దాకా. రన్‌వేకి చేరడం, దిగాక గేటుకి రావడం అన్నీ అందులోనే.

టికెట్_డెస్క్:
మొత్తం ప్రయాణం మీరే లెక్కేసుకోండి. దిగే సమయానికి వేసవిలో 12:30, చలికాలంలో 13:30 గంటలు కలిపితే మన టైమ్ వస్తుంది. సోమవారం రాత్రి 9:30కి ఎక్కి, అక్కడ మంగళవారం మధ్యాహ్నం 12:30కి దిగారనుకుందాం. వేసవిలో అప్పటికి ఇక్కడ బుధవారం తెల్లవారుజామున 1:00. మొత్తం 27:30 గంటలు. తేదీ మాత్రమే చూసి 15 గంటలే అనుకోవద్దు.

పెద్దవాళ్లకైతే రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద తీయండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే సంస్థే వేరే విమానం చూడాలి. విడివిడి టికెట్లైతే ఆ బాధ్యత ఎవరిదీ కాదు. అమెరికాలో ఇంకో ఊళ్లో మారేలా ఉంటే ఇమిగ్రేషన్ అక్కడే. సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి కాబట్టి మధ్యలో మూడు గంటలైనా ఉంచండి.