ల్యాప్‌టాప్‌లో వైఫై తెగిపోతోంది: తప్పు రూటర్‌దా, ల్యాప్‌టాప్‌దా?

కూకట్‌పల్లి_అద్దెఇల్లు:
రూటర్ హాల్లో టీవీ పక్కన ఉంది, నేను పనిచేసేది వెనక బెడ్‌రూంలో. మీటింగ్ మధ్యలో వైఫై పోతుంది, ఓ నిమిషానికి దానంతటదే వస్తుంది. ఫోన్లకి ఏ ఇబ్బందీ లేదు. నెట్ వాళ్లని పిలిస్తే ల్యాప్‌టాప్‌ది అంటారు, ల్యాప్‌టాప్ సర్వీస్ వాళ్లు రూటర్ మార్చమంటారు. కొత్త రూటర్ కొనాలా వద్దా, అది చెప్పండి చాలు.

బెజవాడబ్రో:
ఫోన్లు బాగుంటే ఇంక రూటర్ తప్పెలా అవుతుంది? కొనకండి. డివైస్ మేనేజర్ తెరిచి వైఫై కార్డు ప్రాపర్టీస్‌లోకి వెళ్తే పవర్ మేనేజ్‌మెంట్ అని ట్యాబ్ ఉంటుంది. పవర్ ఆదాకి ఈ డివైస్‌ని ఆపేయొచ్చు అన్న దగ్గర టిక్ తీసేయండి. మా ఆఫీసులో చాలామందికి దీంతోనే సెట్ అయింది.

మిద్దెమీద_యాంటెన్నా:
ఆ ఫోన్ల లాజిక్ నాకు ఎక్కదు బ్రో. ఫోన్‌లో వైఫై పోతే చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది, మనకి తెలియనే తెలియదు. ల్యాప్‌టాప్‌కి సిమ్ లేదు కాబట్టి అది దొరికిపోతుంది. అద్దెఇల్లు గారూ, డేటా ఆపేసి ఫోన్‌ని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి చూడండి. అన్నట్టు ఈ మధ్య ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ పవర్ ట్యాబే కనబడదు.

కూకట్‌పల్లి_అద్దెఇల్లు:
ట్యాబ్ నిజంగానే లేదండీ. డేటా ఆపితే ఫోన్ కూడా పోతోంది, కాకపోతే ల్యాప్‌టాప్ అంత తరచుగా కాదు. ఇప్పుడు ఎవరి మాట వినాలి?

ఉచితసలహా:
ముందు పోయేది వైఫైయా, నెట్టా తేల్చుకోండి. రెండు కమాండ్ విండోలు తెరిచి ఒకదాంట్లో రూటర్‌కి (ఎక్కువగా 192.168.1.1 ఉంటుంది), రెండోదాంట్లో 8.8.8.8కి (ఇది గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ పెట్టండి, అంటే అటునుంచి జవాబు వస్తోందా అని చూసే కమాండ్. తెగినప్పుడు రెండూ ఆగితే గొడవ ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్యే. రెండోది ఒక్కటే ఆగితే చాలావరకు లైన్ సమస్య, అప్పుడు నెట్ వాళ్లనే పట్టుకోవాలి.

నాకు అనుమానం వచ్చింది మాత్రం మీరు రాసిన ఆ "ఓ నిమిషం" దగ్గర. వైఫై నడిచే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 52 నుంచి 144 దాకా నంబర్లున్న ఛానెళ్లు రాడార్లు కూడా వాడుకునేవి. రాడార్ తగిలిందని అనిపిస్తే రూటర్ వెంటనే ఆ ఛానెల్ వదిలేయాలి, అలాంటిదే ఇంకో ఛానెల్‌కి వెళ్లాలంటే కనీసం 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి. ఛానెల్ ఆటోలో ఉంటే ఇలా జరగొచ్చు. 36, 40, 44, 48లో ఏదో ఒకటి పెట్టేయండి, ఆ బాధ ఉండదు. రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండ్ల వైఫైకీ ఒకే పేరు ఉంటే వేరే పేర్లు పెట్టండి, ఏది తెగుతోందో తెలుస్తుంది.

బెజవాడబ్రో:
రాడారే అయితే ఫోన్, ల్యాప్‌టాప్ సమానంగా పోవాలి కదా? ల్యాప్‌టాప్ ఎక్కువసార్లు పోతోందని ఆయనే రాశారు. దానికి జవాబు చెప్పలేదు మీరు. వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, పాతదై ఉంటుంది, కంపెనీ సైట్ నుంచి దింపుకోమనండి. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ హబ్ ఏమైనా తగిలించారా? యూఎస్‌బీ 3 నుంచి వచ్చే నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని పాడుచేస్తుందని ఇంటెలే 2012లో పేపర్ రాసింది.

ఉచితసలహా:
హబ్ పాయింట్ ఒప్పుకుంటా, డ్రైవర్ సంగతి తర్వాత. విండోస్‌లో వైర్‌లెస్ రిపోర్ట్ అని ఒకటి తీయొచ్చు, గత మూడు రోజుల్లో ఎప్పుడు తెగింది, కారణం ఏంటి అన్నీ రాసి ఉంటాయి. అది చూడకుండా డ్రైవర్ మీద పడటం ఎందుకు?

కూకట్‌పల్లి_అద్దెఇల్లు:
హబ్ ఉంది, మానిటర్, హార్డ్‌డిస్క్ అన్నీ దానికే. రూటర్‌లో చూస్తే ఛానెల్ ఆటో, ఇప్పుడు 100 మీద ఉంది. 36కి మార్చేసి, హబ్‌ని పొడుగు వైరుతో టేబుల్ చివరికి జరిపా. పొద్దున్నుంచి తెగలేదు.

మిద్దెమీద_యాంటెన్నా:
రెండూ ఒకేసారి మార్చేశారా! ఏది పనిచేసిందని వీళ్లిద్దరూ ఇప్పుడు కొట్టుకోవాలి? హబ్‌ని మళ్లీ పాత చోటే పెట్టి రేపు చెప్పండి.