కేరన్ ప్లూటోకు ఉపగ్రహమా, జంట మరుగుజ్జు గ్రహమా?

ధ్రువతార:
ప్లూటో గ్రహమా కాదా అన్న వాదన చాలాసార్లు జరిగింది. నా ప్రశ్న వేరు. కేరన్‌ను ఇంకా ఉపగ్రహం అనడం సబబేనా? ప్లూటో వ్యాసం సుమారు 2,377 కిలోమీటర్లు, కేరన్‌ది 1,212. అంటే సగానికి పైనే. మధ్య దూరం 19,600 కిలోమీటర్లే. రెండూ తమ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. ఆ బిందువు ప్లూటో నేలకు దాదాపు 950 కిలోమీటర్ల ఎత్తున, శూన్యంలో ఉంది. 2006లో ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ముందుకు వచ్చిన మొదటి ముసాయిదా ఈ ప్రాతిపదికనే కేరన్‌ను గ్రహాల్లో చేర్చింది. ముసాయిదా వీగిపోయింది, దాంతో జంట అన్న ఆలోచనా మరుగున పడింది. అది అన్యాయం.

కక్ష్యామార్గం:
ధ్రువతార గారూ, ఆ కొలబద్దలోనే లోపం ఉంది. ద్రవ్యరాశి కేంద్రం ఎక్కడ పడుతుందన్నది దూరం మీద కూడా ఆధారపడుతుంది. భూమి, చంద్రుల ఉమ్మడి కేంద్రం ఇప్పుడు భూమి లోపలే, నడిమధ్య నుంచి సుమారు 4,670 కిలోమీటర్ల దూరంలో ఉంది. చంద్రుడేమో ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. ఆ దూరం ఎప్పుడైనా సుమారు 5,24,000 కిలోమీటర్లు దాటితే కేంద్రం భూమి బయటికి వచ్చేస్తుంది. చంద్రుడిలో చిటికెడు మట్టి కూడా మారకుండానే అతడి హోదా మారాలా? సూర్యుడికీ గురుడికీ ఉమ్మడి కేంద్రం కూడా సూర్యుడి ఉపరితలానికి కాస్త బయటే ఉంది. అంతమాత్రాన గురుడు సూర్యుడికి జోడీ అయిపోడు కదా!

ధ్రువతార:
దూరం అడ్డొస్తే దాన్ని వదిలేద్దాం, ద్రవ్యరాశే చూద్దాం. చంద్రుడు భూమిలో 81వ వంతు. శని ఉపగ్రహం టైటన్ శనిలో నాలుగు వేలవ వంతు కూడా లేదు. కేరన్ ప్లూటోలో ఎనిమిదో వంతు! వీటన్నిటినీ ఒకే గాటన ఎలా కడతాం?

మంచులోకం:
నాకు అంకెలకన్నా అక్కడ జరుగుతున్నది ముఖ్యం. ప్లూటో మీద నిలబడి చూస్తే కేరన్ ఉదయించదు, అస్తమించదు. ఆకాశంలో ఒకే చోట ఉండి కళలు మార్చుకుంటుంది. అవతలి అర్ధగోళంలో ఉన్నవారికి అది ఎన్నటికీ కనిపించదు. రెండూ 6.4 రోజులకు ఒక చుట్టు పూర్తిచేస్తూ ఎప్పుడూ ఒకదానికొకటి ఒకే ముఖం చూపిస్తాయి. స్టిక్స్, నిక్స్, కెర్బెరోస్, హైడ్రా అనే నాలుగు చిన్న ఉపగ్రహాలు ఈ రెండింటినీ కలిపి చుట్టివస్తాయి. 2015లో నాసా వ్యోమనౌక న్యూ హొరైజన్స్ పంపిన చిత్రాల్లో కేరన్ ఉత్తర ధ్రువం ఎర్రగా కనిపించింది. ప్లూటో నుంచి తప్పించుకున్న మీథేన్ దీర్ఘమైన చలికాలంలో అక్కడ గడ్డకట్టి, అతినీలలోహిత కిరణాల తాకిడికి ఎర్రటి పదార్థంగా మారింది. ఒకదాని గాలి మరొకదాని నేలకు రంగు వేస్తోంది. ఇంత ముడిపడి ఉన్నవాటిని జంట అనకపోతే మరి దేన్ని అంటాం?

కక్ష్యామార్గం:
ముడిపడి ఉన్నాయని ఒప్పుకుంటాను. అయితే గీత ఎక్కడ గీస్తారు? ఎనిమిదో వంతు జంట అయితే ఇరవయ్యో వంతు? పైగా నెప్ట్యూన్ అవతల మంచు శకలాలు తిరిగే కైపర్ పట్టీలో జోడీలు కోకొల్లలు. అక్కడి ఆర్కస్‌కూ దాని ఉపగ్రహం వాంథ్‌కూ ఉన్న ఉమ్మడి కేంద్రం కూడా ఆర్కస్ బయటే ఉంది.

ధ్రువతార:
కేంద్రం బయట ఉండటం ఒక్కటే చాలదు, రెండూ సొంత గురుత్వాకర్షణతో గుండ్రబడి ఉండాలి. ఈ రెండు షరతులూ కలిపితే గురుడి చిక్కు తీరదు, నిజమే. అందుకే ఇది నక్షత్రాలకు వర్తించదని మొదటే రాసుకోవాలి. కేరన్ రెండింటిలోనూ నెగ్గుతుంది. వాంథ్ గుండ్రంగా ఉందని తేలితే ఆర్కస్ జంటనూ ఇదే కోవలో చేరుద్దాం. పట్టిక పెరగడం అభ్యంతరం కాకూడదు.