నిద్రమాత్ర మెల్లగా మాన్పించాలి, వైజాగ్‌లో సాయం చేసేవాళ్లున్నారా?

అందరికీ నమస్కారమండి. మాది ఎంవీపీ కాలనీ. అమ్మకి 61 ఏళ్లు. నాన్న పోయాక నిద్ర పట్టక, గుండెదడగా ఉంటే డాక్టరు క్లోనజెపామ్ 0.5 రాశారు. రెండు వారాలకని మొదలైనది ఆరేళ్లయింది. పాత చీటీ చూపిస్తే మందుల షాపులో ఇచ్చేస్తూనే ఉన్నారు. మేమూ పట్టించుకోలేదు, దాచడమెందుకు.

దసరా ముందు అమ్మ తనంతట తానే ఒక్కసారిగా మానేసింది. మూడో రోజుకి చేతుల వణుకు, చెమటలు, రాత్రంతా హాల్లో పచార్లు. భయమేసి మళ్లీ మొదలుపెట్టాం. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చని తర్వాత తెలిసింది. డాక్టరు మాత్రం "పాత జబ్బే తిరగబెట్టింది, జీవితాంతం వాడండి" అని రెండు నిమిషాల్లో పంపేశారు.

ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసర్ 1982 నుంచి 1994 వరకు ఇలాంటి మాత్రలు మాన్పించడానికే క్లినిక్ నడిపారు. నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించడం ఆవిడ పద్ధతి. అమెరికాలో లారా డెలానో, తానూ ఏళ్లపాటు సైకియాట్రీ మందులు వాడి మానేసిన మనిషే, అలాంటి మందులు మానాలనుకునేవాళ్లకి సాయపడే ఇన్నర్ కంపాస్ ఇనీషియేటివ్ అనే సేవాసంస్థ పెట్టారు.

అలాంటివాళ్లు మన ఊళ్లో ఎవరైనా ఉన్నారా? చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీలో మోతాదు తగ్గించే ప్లాన్ రాసిస్తారా? (ఆ పేరెత్తితే అమ్మ "నాకు పిచ్చా?" అంటుంది, అదో టెన్షన్.) ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి ఈ విషయం అడిగినవాళ్లున్నారా? 0.25 మాత్ర దాకా వచ్చాక అంతకన్నా కిందికి ఎలా దిగారు? డాక్టరు పర్యవేక్షణలోనే చేస్తాం, మీ అనుభవం చెప్పండి చాలు.